పంటికి కవచము

బాలబాలికలారా! కర్ణుడు సహజకవచముతో పుట్టెనని భారతకథలో వినియుందురు. మనకు అట్టి భాగ్యము లేదు. పంటిపైనుండు ఎనామిలు పొర దేహమున అన్నిటికంటె గట్టిదే. అయినను హాకీ బంతి దెబ్బకు అది నిలువజాలదు. కావున ఆటస్థలమున పండ్లకు వేరొక కవచము వలయునని నా అభిప్రాయము.

నేను ప్రధానోపాధ్యాయుడనుగా నున్న దినములలో ఒక సాయంకాలము బంతి ఎగిరివచ్చి ఎనిమిదవ తరగతి బాలుని నోటికి తగిలెను. ముందటి పన్ను వేరుతోసహా ఊడి నేలపై పడెను. మేము నెత్తురు కడిగి బాలుని ఓదార్చితిమి. పన్నును మాత్రము, పాలపండ్లను పడవేయు అలవాటు చొప్పున, ఇంటికప్పు మీదికి విసరివేసితిమి! ఆ బాలుడు పద్యము శ్రావ్యముగా చదివెడివాడు. నాటినుండి నోటికి చేయి అడ్డము పెట్టుకొని మాటలాడసాగెను. పద్యము చదువ ముందుకు రాలేదు. ఆ యేడు మేము కర్రలు, బంతులు కొంటిమి గాని పిల్లల పండ్లనుగూర్చి తలపోయలేదు. ఆ తప్పు నాది.

పాలపన్ను పోయిన మరియొకటి వచ్చును. మీ వయస్సున నోటనున్నవి దాదాపు అన్నియు స్థిరదంతములే. అవి పోయిన మరల మొలవవు.

మౌత్‌గార్డు అనునది సామాన్యముగా పైపండ్లకు తొడుగు మెత్తని ప్లాస్టిక్ కవచము. అది దెబ్బ వేగమును ఒకచోట నిలువనీయక పంచివేయును; పెదవియు నాలుకయు తెగకుండ కాపాడును. 1890 ప్రాంతమున లండను దంతవైద్యుడు వూల్ఫ్ క్రౌజ్ ముష్టియోధులకై గట్టాపర్చా అను చెట్టుపాలతో ఇట్టి పట్టీలు చేసెను. 1962లో అమెరికా ఉన్నత పాఠశాలల ఫుట్‌బాల్ ఆటలో ఇది తప్పనిసరి యయ్యెను.

“ఇది పిరికివారి పని” అని కొందరు నవ్వుదురు. నిజామాబాదు నుండి వచ్చి 2022లోను, 2023లోను ప్రపంచ బాక్సింగ్ విజేతయైన నిఖత్ జరీన్ దీనిని ధరించియే బరిలో దిగును. ఆమెను పిరికిదనగలమా? “ఖర్చు” అని మరికొందరు అందురు. వేడినీట మెత్తపరచి కరచి అమర్చుకొను రకము అంత ప్రియము కాదు. దంతవైద్యుడు అచ్చు తీసి చేయునది శ్రేష్ఠము. కర్రలు కొను పాఠశాల వీనినిగూడ కొనుట న్యాయము. అయితే ఒకరిది మరియొకరు ధరింపరాదు. ఆట ముగిసిన పిదప చల్లని నీట కడిగి, గాలి తగులు పెట్టెలో ఉంచవలెను, వదులైనచో మార్చవలెను.

ఎంత జాగ్రత్తపడినను స్థిరదంతము ఊడినచో దానిని విసరివేయవలదు. వేరును తాకక పైభాగమును పట్టుకొనుడు. మట్టి అంటిన పాలతో గాని, మంచినీటితో గాని మెల్లగా తొలపుడు, రుద్దవలదు. వెంటనే దాని స్థానమున అమర్చుడు. వీలుకాకున్న పాలలో ఉంచి దంతవైద్యునికడకు పరుగెత్తుడు. అరగంటలో చేరిన పన్ను నిలుచు ఆశ అధికము. పాలపన్నును మాత్రము తిరిగి అమర్చరాదు.

ఈ సంగతి నాడు నాకు తెలియదు. నేడు మీకు తెలిసినది. రేపు ఆటస్థలమున ఎవరికైన ఆపద కలిగినచో, మీలో ఒక్కరైనను పాలచెంబుతో ముందుకు రండు.