ఆరి, మళ్ళీ వెలిగే దీపం

పిల్లలూ!

కారు ముందు సీటులో కూచున్నప్పుడు మీరు చూసే ఉంటారు. తాళం తిప్పగానే డ్రైవరు ఎదుట ఉండే పలకలో చిన్న చిన్న దీపాలు వెలుగుతాయి. ఇంజను నడవటం మొదలుకాగానే అవి ఆరిపోతాయి. వాటిలో ఒకటి పసుపుపచ్చగా, ఇంజను బొమ్మ ఆకారంలో ఉంటుంది. అది ఆరకుండా నిలిచిందంటే, "లోపల ఏదో లోపం ఉన్నది, చూసుకోండి" అని అర్థం. ఈ నెల ఆ దీపం సంగతి చెబుతాను. అందులో నేను చేసిన తప్పు కూడా ఒకటి ఉన్నది.

మా పాత పెట్రోలు కారులో ఒకనాడు ఆ దీపం వెలిగింది. కారు బాగానే నడుస్తున్నది గాని, ఎక్కడన్నా ఆగినప్పుడు ఇంజను కాస్త వణికేది. మరమ్మతు దుకాణానికి తీసుకుపోయాను. అక్కడి మెకానిక్కు తన యంత్రం తగిలించి చూసి, "ఆక్సిజన్ సెన్సారు పోయిందండీ, మేష్టారూ! మార్చెయ్యాలి," అన్నాడు. సరేనన్నాను. మార్చాడు. డబ్బిచ్చి ఇంటికి వచ్చాను. వారం తిరక్కుండానే దీపం మళ్ళీ వెలిగింది!

ఇక లాభం లేదని నేనే ఒక చిన్న స్కానరు కొన్నాను. స్టీరింగు కింద, డ్రైవరు మోకాళ్ళ దగ్గర 16 పిన్నుల సాకెట్టు ఒకటి ఉంటుంది. స్కానరును దానికి తగిలిస్తే, కారులో ఉండే కంప్యూటరు తాను పట్టుకున్న లోపాన్ని ఒక సంకేతంగా చెబుతుంది. అమెరికాలో 1996 మోడలు నుంచి కార్లకు ఈ ఏర్పాటు తప్పనిసరి చేశారు. ఇప్పుడు మన దేశంలో తయారయ్యే కార్లకూ ఇది ఉంటుంది.

మా కారు చెప్పిన సంకేతం "పి0171". దీన్ని విడదీసి చదవాలి. "పి" అంటే ఇంజనూ, గేర్లూ ఉండే విభాగం. తరవాతి సున్న, ఇది అన్ని కంపెనీల కార్లకూ ఉమ్మడి సంకేతం అని చెబుతుంది. దాని పక్కన ఉన్న 1, గాలీ పెట్రోలూ పాళ్ళు కుదిరే చోటును చూపుతుంది. మిగిలిన 71 ఆ లోపానికి వరస సంఖ్య. మొత్తం మీద అర్థమేమంటే, "ఇంజనులోకి పోయే మిశ్రమంలో గాలి ఎక్కువైంది, పెట్రోలు చాలటం లేదు."

చూశారా? సెన్సారు పోయిందని ఇందులో ఎక్కడా లేదు!

ఇప్పుడు నా తప్పు వినండి. సంకేతాన్ని చెరిపివేసే మీట కూడా స్కానరుకు ఉన్నది. అది నొక్కాను. దీపం ఆరింది. నాలుగు రోజులకు మళ్ళీ వెలిగింది. మళ్ళీ నొక్కాను. ఎనిమిదో తరగతి చదివే మా మనమడు పక్కనే నిలబడి చూస్తున్నాడు.

"తాతయ్యా! మీ బడిలో ఒకబ్బాయి ప్రోగ్రెస్ కార్డు మీద మార్కులు చెరిపి దిద్దాడని చెప్పావు గదా? 'అంకె మారితే లెక్క వచ్చినట్టేనా?' అని వాణ్ణి అడిగావట. మరి ఇప్పుడు నువ్వు చేసిందేమిటి?" అన్నాడు.

నాకు నోట మాట రాలేదు.

కంప్యూటరు తొందరపడేది కాదు. ఇటువంటి లోపం ఒకసారి కనిపిస్తే గుర్తుపెట్టుకుని ఊరుకుంటుంది. తరవాతి ప్రయాణంలోనూ కనిపిస్తేనే దీపం వెలిగిస్తుంది. అందుచేత చెరిపిన తరవాత దీపం కొన్నాళ్ళు ఆరి ఉంటుంది. అంతమాత్రాన జబ్బు నయమైనట్టు కాదు. పైగా, లోపం కనిపించిన క్షణంలో ఇంజను ఎంత వేడిగా ఉన్నదీ, కారు ఎంత వేగంగా పోతున్నదీ కంప్యూటరు రాసిపెట్టుకుంటుంది. మనం మీట నొక్కితే ఆ వివరాలు కూడా చెరిగిపోతాయి. నేను రెండుసార్లు చేసింది అదే!

మూడోసారి దీపం వెలిగినప్పుడు మేము మీట జోలికి పోలేదు. మనమడు వివరాలన్నీ నోటుబుక్కులోకి ఎక్కించాడు. ఇంజను వేడిగా ఉన్నది. కారు వేగం సున్న. అంటే కారు ఆగి ఉండగా లోపం కనిపించిందన్నమాట.

ఒక గ్రాము పెట్రోలు సరిగా మండటానికి సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. గాలి ఎక్కువైతే కంప్యూటరు పెట్రోలు పెంచి సర్దుకుంటుంది. ఎంత పెంచిందీ నూటికి ఇంత అని స్కానరు చూపుతుంది. మామూలుగా ఇది అటూ ఇటూ పదికి మించదు. మా కారు ఆగి ఉన్నప్పుడు 24 చూపింది. ఇంజను నిమిషానికి 2500 చుట్లు తిరిగేట్టు చేస్తే 6కు దిగింది.

ఆ రెండు అంకెలలోనే అసలు రహస్యం ఉన్నది. నలుగురికి వండిన ఇంటికి పిలవని చుట్టం ఒకడు వస్తే వంట చాలదు. వెయ్యిమంది భోంచేసే పెళ్ళిలో వాడు ఒక లెక్కలోకి రాడు. కారు ఆగి ఉన్నప్పుడు ఇంజను పీల్చే గాలి తక్కువ. అప్పుడు ఏ చిన్న కంతలోనుంచి దొంగగాలి దూరినా దాని వాటా పెద్దది. ఇంజను వేగంగా తిరిగేటప్పుడు ఆ వాటా చాలా చిన్నదైపోతుంది.

దొంగగాలి అంటే తెలియాలా? స్ట్రాకు పైభాగంలో గుండుసూదితో రెండు మూడు రంధ్రాలు పొడిచి కొబ్బరినీళ్ళు తాగి చూడండి!

ఇంజను ఆపి, బాగా చల్లారనిచ్చి, రబ్బరు గొట్టాలను ఒక్కొక్కటే వంచి చూశాము. లోపలికి పోయే గాలిని కొలిచే పరికరం ఒకటి ఉంటుంది. దాన్ని దాటిన తరవాత, వేలెడంత గొట్టం ఒకటి అడుగువైపు పగిలి ఉన్నది. మామూలుగా చూస్తే కనిపించదు. వంచితే నోరు తెరిచింది. కొలతకు అందని గాలి ఆ దారినే పోతున్నది. గొట్టం మార్చి, అప్పుడు మీట నొక్కాము. 24 కాస్తా 3 అయింది. వణుకు పోయింది. ఆ దీపం మళ్ళీ వెలగలేదు.

పాపం, ఆ పాత సెన్సారు! పొగలో ఆక్సిజన్ ఎక్కువగా ఉన్నదని అది ఉన్నమాటే చెప్పింది. చెప్పినందుకు దాన్నే పీకి పారేశాము. సంకేతం ఎక్కడ వెతకాలో చెబుతుంది గాని, దొంగ పేరు చెప్పదు. వెతకటం మన పని.

జాగ్రత్తలు కొన్ని ఉన్నాయి. పెద్దవాళ్ళు దగ్గర లేకుండా బానెట్టు ఎత్తకండి. ఇంజను తిరుగుతుండగా అందులో చెయ్యి పెట్టకండి. మూసిన షెడ్డులో ఇంజను నడపనివ్వకండి. ఆ పొగలో వాసన లేని విషవాయువు కార్బన్ మొనాక్సైడు ఉంటుంది. ఆ పసుపు దీపం నిలకడగా వెలగక మిణుకు మిణుకుమంటున్నదంటే, పెట్రోలు సరిగా మండకుండానే పొగగొట్టంలోకి పోతున్నదని అర్థం. పొగను శుభ్రం చేసే భాగం దానివల్ల చెడిపోతుంది. వెంటనే వేగం తగ్గించి, పక్కకు తీసి ఆపమని చెప్పండి.

ఇక ఈ నెల ప్రశ్న. ఇంకొక కారు కూడా "పి0171" అనే చెప్పింది. ఆగి ఉన్నప్పుడు అంకె 4, వేగంగా పోయేటప్పుడు 25. ఈ కారులోనూ గొట్టమే పగిలిందంటారా? లేక పెట్రోలు వచ్చే దారిలో చూస్తారా? ఎందుకు? నోటుబుక్కులో రాసి పెట్టుకోండి. జవాబు వచ్చే నెల చెబుతాను. తప్పు రాసినా ఫరవాలేదు గాని, అప్పుడు చెరిపి దిద్దవద్దు సుమా! ఎక్కడ తప్పిందో వెతకండి.