స్టూలు ఉంది, కూర్చునే వీలు లేదు

డిసెంబరు ఆదివారాల్లో మా సంఘంలో వెనక బెంచీలు సగం ఖాళీగా ఉంటాయి. ఆ బెంచీల్లో కూర్చునే ఆడపిల్లల్లో చాలామంది టీ నగర్‌లోనో, పురసవాక్కంలోనో పెద్ద బట్టల దుకాణాల్లో పనిచేస్తారు. పండుగ నెలలో వాళ్లకు సెలవు దొరకదు. ఆరాధన ముగిశాక ముందు బెంచీల కుటుంబాలు క్రిస్మస్ బట్టలు కొనడానికి బయలుదేరేది కూడా ఆ దుకాణాలకే. పొద్దున చర్చిలో కనబడని పిల్ల మధ్యాహ్నం అక్కడ చీరలు విప్పి చూపిస్తూ కనబడుతుంది. "ఏమ్మా, ఈ మధ్య ఆరాధనకు రావడం లేదే?" అని కౌంటరు ఇవతలి నుంచి మందలించిన పెద్దలు మా సంఘంలో ఉన్నారు. ఒకప్పుడు నేనూ మందలించాను.

తర్వాత అలాంటి ఒక అమ్మాయి ఇంటికి ప్రార్థనకు వెళ్లాను. వాళ్ల తాత, తండ్రి ఇద్దరూ కార్పొరేషన్‌లో పారిశుద్ధ్య పనిచేసినవాళ్లు. ఆ ఇంట్లో చీపురు పట్టకుండా జీతం తెచ్చిన మొదటి మనిషి ఈ పిల్లే. అది వాళ్లకు గర్వం, గర్వపడవలసిన విషయమే. ఆమెకు ఇరవై ఆరేళ్లు. పిక్కల మీద నరాలు నీలంగా ఉబ్బి మెలికలు తిరిగి ఉన్నాయి. ఎక్కువసేపు నిలబడవద్దని డాక్టరు చెప్పాడట.

"మీకు కూర్చోవడానికి స్టూళ్లు ఇవ్వలేదా అమ్మా?" అని అడిగాను.

"ఇచ్చారయ్యగారూ. వాటిమీద చీరల కట్టలు పెడుతున్నాం."

"మరి కూర్చుంటే ఏమంటారు?"

"ఎదురుగా ఏమీ అనరు. కెమెరాలో చూసి పేరు రాసుకుంటారు. నెలాఖరుకు ఇన్సెంటివ్ తగ్గుతుంది."

నా మందలింపు ఎంత తప్పో నాకు ఆ రోజు తెలిసింది. చీరల కట్టల కింద పడి ఉన్న ఆ స్టూలు గురించే ఈ నాలుగు మాటలు.

తమిళనాడు ప్రభుత్వం 2021లో దుకాణాలు, సంస్థల చట్టాన్ని సవరించి 22-ఎ అనే సెక్షను చేర్చింది. దాని ప్రకారం ప్రతి దుకాణంలో సిబ్బంది అందరికీ కూర్చునే ఏర్పాటు ఉండాలి. పనివేళంతా కాళ్లమీదే నిలబడి ఉండే పరిస్థితి తప్పించడమే దాని ఉద్దేశం. కేరళ అంతకు మూడేళ్ల ముందే, 2018లో, ఇలాంటి చట్టం తెచ్చింది. మంచిదే. కానీ ఎంత ఆలస్యంగా వచ్చిందో చూడండి. ఫ్యాక్టరీలో నిలబడి పనిచేసేవారికి కూర్చునే వీలు కల్పించాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే 44వ సెక్షనులో చెప్పింది. మన దుకాణాల చట్టం దానికి ఏడాది ముందుది, 1947 నాటిది. ఆంధ్ర ప్రాంతం ఇంకా మద్రాసులో భాగంగా ఉన్న రోజుల్లో వచ్చింది. రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అని పనివేళలు రాశారు, వారానికో సెలవు రాశారు. కూర్చునే మాట మాత్రం లేదు. ఫ్యాక్టరీ కార్మికుడికి దొరికిన ఆ హక్కు దుకాణంలోని ఆడపిల్లకు కాగితం మీద దొరకడానికి ఇంకా 73 ఏళ్లు పట్టింది.

పాత బట్టల కొట్టు మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. తెల్లదుప్పటి పరిచిన పరుపు, మీద బట్టల తానులు. చెప్పులు విడిచి మనం కూర్చునేవాళ్లం. అమ్మేవాడూ మన ఎదుటే కూర్చుని చూపించేవాడు. అంతస్తుల మీద అంతస్తులు లేచాక ఆ పరుపు పోయింది. పొడుగాటి కౌంటర్లు వచ్చాయి. సిబ్బంది నిలబడడం మర్యాద అయింది, కూర్చోవడం సోమరితనం అయింది.

చట్టంలోనే ఒక సందు ఉంది. పని మధ్యలో కూర్చునే అవకాశం దొరికితే వాడుకునేందుకు ఈ ఏర్పాటు అని దాని సారాంశం. అవకాశం దొరికిందో లేదో తేల్చేదెవరు? సూపర్‌వైజరు. కొనేవాళ్లు ఉంటే పని ఉంది కాబట్టి నిలబడాలి. లేకపోతే ఎవరైనా వస్తారేమో కాబట్టి నిలబడాలి. స్టూలు వేస్తే చట్టం తీరిపోయింది, ఇన్‌స్పెక్టరు వచ్చినా చూపించవచ్చు. దానిమీద మనిషి కూర్చుందా, చీరల కట్ట కూర్చుందా అని అడిగేవాళ్లు లేరు.

కేరళ చట్టమైనా ఆకాశం నుంచి ఊడిపడలేదు. కోళికోడ్ మిఠాయి వీధి దుకాణాల్లో పనిచేసే ఆడవాళ్లకు మూత్రశాల కూడా ఉండేది కాదు. పి. విజి అనే దర్జీ పనిచేసే మహిళ వాళ్లను కూడగట్టి 'పెణ్‌కూట్టు' అనే సంఘం పెట్టింది. మొదట మూత్రశాల అడిగారు, తర్వాత కూర్చునే హక్కు అడిగారు. ఏళ్ల తరబడి అడిగితే చట్టం వచ్చింది. మన దగ్గర ఏమైందంటే, చట్టం వచ్చింది గాని అడిగే నోరు రాలేదు. ఉద్యోగం పోతుందని ఆ పిల్ల అడగలేదు. ఉద్యోగం పోయే భయం ఏమీ లేని మనం ఎందుకు అడగలేదు?

ఈ మాట అన్నప్పుడల్లా మన సంఘస్థులే మూడు జవాబులు చెబుతారు. మూడూ తీసిపారేసేవి కావు.

మొదటిది గౌరవం సంగతి. "పాత కొట్లలో మనల్ని ఎక్కడ నిలబెట్టేవారో మీకు తెలియదా?" అంటారు మా పెద్దలు. తెలుసు. మన పేట పేరు చెప్పగానే ముఖం మారిన షావుకార్లు ఉండేవారు. సరుకు ముట్టుకోనివ్వని కొట్లు ఉండేవి. పెద్ద దుకాణంలో ఎవరూ కులం అడగరు. చీర మన చేతికే ఇస్తారు, ధర అందరికీ ఒకటే. ఇది చిన్న విషయమని నేను అనను. కానీ మనకు దొరికిన ఆ గౌరవం కౌంటరు ఇవతల ఉన్నంతసేపే ఉంది. అవతల నిలబడ్డది మన పిల్లే. మనల్ని బయట నిలబెట్టిన కొట్టు తప్పు చేసిందంటే, మన పిల్లను లోపల రోజంతా నిలబెట్టిన దుకాణం చేసింది ఒప్పు ఎలా అవుతుంది?

రెండోది: "పెద్ద చదువులు లేని పిల్లలకు పని ఇస్తున్నారు కదా." ఇస్తున్నారు. దక్షిణ జిల్లాల నుంచి కూడా పిల్లల్ని తెచ్చి హాస్టళ్లలో పెట్టి పని ఇస్తున్నారు. పని ఇచ్చినవాడికి కాళ్లు కూడా రాసివ్వాలని మాత్రం ఎక్కడా లేదు. అన్ని అంతస్తులు, అన్ని దీపాలు, చల్లగాలి పెట్టగలిగిన వ్యాపారానికి స్టూలు ఖర్చు లెక్కలోకే రాదు. అందుకే కూర్చోనివ్వకపోవడానికి కారణం డబ్బు కాదంటున్నాను. లోబడి ఉన్నట్టు కనబడాలి, అదీ కారణం.

మూడోది: "చిన్న కొట్లలో మాత్రం ఏం బాగుంది?" బాగులేదు. చట్టం వాళ్లకూ వర్తిస్తుంది, వాళ్లనూ అడగాలి. అయితే కొనడం, అమ్మడం ఎలా ఉండాలో నేర్పుతున్నది పెద్ద దుకాణాలే. అవి మారితే చిన్నవీ మారతాయి.

ఇక మన సంగతి. దుకాణానికి వెళ్లడం ఇప్పుడు అవసరం కాదు, షికారు. ఎస్కలేటరు ఎక్కి, ఐస్‌క్రీము తిని, నలభై చీరలు విప్పించి ఒకటి కొంటాం. మిగిలిన ముప్ఫై తొమ్మిదీ మళ్లీ మడిచేది ఆ పిల్లే. రాత్రి తొమ్మిదింటికి లోపలికి వెళ్తాం. మనం వెళ్లిపోయాక సర్దుళ్లు మొదలవుతాయి. మన తీరికంతా వాళ్ల నిలువుకాళ్ల మీద సాగుతోంది. పదిమంది, అంతకు మించి పనివాళ్లున్న దుకాణాలు 365 రోజులూ, 24 గంటలూ తెరుచుకోవచ్చని 2019లో ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. ఒక్కొక్కరికి వంతులవారీగా వారాంతపు సెలవు ఇవ్వాలన్నది షరతు. ఒకామెకు మంగళవారం, ఇంకొకామెకు గురువారం. ఆ రోజు పిల్లలు బడిలో ఉంటారు, భర్త పనిలో ఉంటాడు, చర్చికి తాళం ఉంటుంది. అందరూ కలిసి కూర్చునే రోజు లేకుండా పోయింది.

విశ్రాంతి దినం యజమానికి మాత్రమే కాదని, దాసునికీ దాసికీ కూడా అని ద్వితీయోపదేశకాండం అయిదో అధ్యాయం చెబుతుంది. మీరూ ఐగుప్తులో దాసులేనని గుర్తు చేసి మరీ చెబుతుంది. విశ్రాంతి దినం ఎప్పుడు అయిపోతుందా, గోధుమలు ఎప్పుడు అమ్ముకుందామా అని తొందరపడే వర్తకులను ఆమోసు ఎనిమిదో అధ్యాయంలో నిలదీస్తాడు. ఈ వాక్యాల మీద నేను చాలా ప్రసంగాలు చేశాను. ఆ వర్తకుడి తలుపు దగ్గర సంచి పట్టుకుని నిలబడ్డ కొనుగోలుదారుల గురించి ఒక్కసారీ మాట్లాడలేదు. ప్రయాణంలో అలసిన యేసు యాకోబు బావి దగ్గర కూర్చున్నాడని యోహాను రాశాడు. అలసినవాడు కూర్చోవడం పాపమని ఏ సువార్తలోనూ లేదు.

దుకాణాలకు పోవద్దని నేను చెప్పడం లేదు. పోతే ఆ పిల్లల జీతమే ముందు తెగుతుంది. పోయే పద్ధతి మార్చుకోమంటున్నాను. పండుగ బట్టలు ఆదివారం కొనవద్దు, రాత్రి కొనవద్దు. స్టూలు మీద సరుకు కనబడితే మేనేజరును మర్యాదగా అడగండి. ఆ పిల్ల పేరు చెప్పకండి, ఆమెను సాక్షిగా పిలవకండి. జవాబు రాకపోతే స్త్రీల సమాజం తరఫున కార్మికశాఖకు అర్జీ రాయండి. బెంగళూరు, ముంబై, బరంపురం, యానాంలో ఉన్న సహోదరులు తమ దగ్గర చట్టం ఏం చెబుతోందో ఆ కార్యాలయంలోనే అడగండి. మా సంఘంలో ఈ డిసెంబరు నుంచి సెలవు దొరికినవాళ్ల కోసం మంగళవారం, గురువారం సాయంత్రాలు కూడా తలుపులు తెరుస్తాం. వాళ్లను మందలించే అలవాటు మానుకోవడానికి నాకు తెలిసిన దారి అది.

చీర కొనేటప్పుడు రంగు చూస్తాం, అంచు చూస్తాం, ధర చూస్తాం. ఈసారి కౌంటరు వెనక స్టూలు కూడా చూడండి. దానిమీద చీరల కట్ట ఉంటే, దాన్ని తీసి ఆ పిల్లను కూర్చుని చూపించనివ్వమని అడగండి.