ఊరు చవక... ఎవరి పుణ్యాన?

"తిరుపతిలో నలభై వేలొస్తే బెంగుళూరులో లక్షొచ్చినట్టే. అక్కడైతే మిడిల్ క్లాసు, ఇక్కడ రాజా!" 2020లో ఇళ్ళ నుంచి పని మొదలైనప్పట్నుంచీ మా సాఫ్టువేరు జనాల నోట్లో ఈ మాట తెగ నానుతోంది. బెంగుళూరు జీతంతో ఊళ్ళో కూర్చున్నవాడికి ఇది సంబరం. ఊళ్ళోనే ఉద్యోగం వెతుక్కునేవాడికి మాత్రం, తక్కువ జీతం ఇవ్వడానికి యజమాని చెప్పే సాకు.

ఇందులో నిజమే లేదని అనను. ఇంటద్దెలో తేడా ఉంది. కేంద్ర ఉద్యోగుల ఇంటద్దె భత్యం లెక్కల్లో బెంగుళూరుది ఎక్స్ తరగతి, తిరుపతిది జెడ్. సరే, అద్దె తర్వాత? ల్యాప్‌టాపు, సెల్‌ఫోను తిరుపతి అని చెప్తే తగ్గించి ఇస్తారా? పెద్ద జబ్బు చేస్తే చిత్తూరు నుంచి వేలూరుకో చెన్నైకో పరిగెత్తాలి, అక్కడి ఖర్చు అక్కడిదే. పెట్రోలైతే కర్ణాటకలో కన్నా మన దగ్గరే ఎక్కువ!

మరి ఇక్కడ నిజంగా చవకైనవేంటి? అంట్లు తోమే మనిషి, ఇస్త్రీ బండి, తాపీమేస్త్రీ పక్కన సిమెంటు మోసే కూలి. అంటే మనిషి చేతి పని. నువ్వు రాజాలా బతుకుతున్నావంటే నీ జీతం పెద్దదని కాదు బాబూ, పక్కవాడి కూలి చిన్నదని.

"ఖర్చు తక్కువ కాబట్టే కూలి తక్కువ" అంటారా? అయితే మన కుప్పం చూడండి. ఒక పక్క కర్ణాటక, ఇంకో పక్క తమిళనాడు. 2024-25లో ఉపాధి హామీ రోజుకూలి ఆంధ్రలో 300 రూపాయలు, తమిళనాడులో 319, కర్ణాటకలో 349. సరిహద్దు రాయి దాటగానే బియ్యం, పప్పు అంత ప్రియమైపోతాయా? మరి ఈ 49 రూపాయలు ఏ ఖర్చులో తేడా?

నా లెక్కలో డబ్బున్నవాడంటే, ఇంట్లో ఒకరికి జబ్బొచ్చినా, పిల్లకి ఇంజనీరింగు సీటొచ్చినా పొలం అమ్ముకోనక్కర్లేనివాడు. ఆ గీత బెంగుళూరులోనూ చిత్తూరులోనూ ఇంచుమించు ఒకటే. పనిమనిషిని పెట్టుకోగలిగినంత మాత్రాన ఎవడూ ఆ గీత దాటినట్టు కాదు.

ఊరు చవకని మురిసిపోయేవాళ్ళు ఒక పని చెయ్యండి. మీ ఇంట్లో పనిచేసే ఆమెకి ఈ నెల నుంచి బెంగుళూరు రేటు ఇచ్చి చూడండి. మీ రాజరికం ఎంత మిగులుతుందో అప్పుడు మాట్లాడుకుందాం.