అర్థం తెలియని మాట మీద సంతకం

మన ఉద్యమం రోడ్డు ఎక్కకముందే జీవో చదవడం నేర్చుకున్నది. ఇప్పుడు కాలేజీలో చేరుతున్న పిల్లలకు ఈ సంగతి వింతగా అనిపించవచ్చు. కానీ జరిగింది అదే. 1985 డిసెంబర్ 30న వచ్చిన 610 జీవోను అమలు చేయకుండా ఏళ్ల తరబడి పక్కన పెడితే, ఆ నెంబర్‌ను ఊరి గోడల మీదికి ఎక్కించింది ఉద్యోగులు, విద్యార్థులే. ముల్కీ అంటే ఏమిటో, లోకల్ అంటే ఎవరో, జోన్ దేనికి పెట్టారో తెలిసినందుకే మన వాటా ఎక్కడ పోతున్నదో లెక్క తేలింది. 2009 అక్టోబర్‌లో పోలీసు నియామకాల విషయంలో హైదరాబాద్‌ను ఫ్రీజోన్ అని సుప్రీంకోర్టు తీర్పు చెప్పినప్పుడు, 1975 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల్లోని 14 ఎఫ్ అనే ఒక్క క్లాజు ఆటోస్టాండ్ల దాకా పోయింది. అదే నెల 21న సిద్దిపేటలో ఉద్యోగ గర్జన జరిగింది. 2011లో ఆ క్లాజును కేంద్రం తొలగించక తప్పలేదు.

రాష్ట్రం 2014 జూన్ 2న వచ్చింది. మరి సర్కారు మాటను విప్పి చూసే ఆ సోయి ఎటు పోయింది?

ఇప్పుడు మన బతుకును మార్చే మాటలు ఢిల్లీ నుంచి రావడం లేదు. గ్రామ పంచాయతీ నోటీసు బోర్డు మీద, మున్సిపల్ ఆఫీసు గోడ మీద అంటించిన మ్యాపులో వస్తున్నాయి. మాస్టర్ ప్లాన్, ల్యాండ్ యూజ్, కన్జర్వేషన్ జోన్, బఫర్, గ్రామసభ తీర్మానం. ఇవన్నీ ఆఫీసోళ్ల మాటలు, మనకెందుకులే అనుకున్నచోట దెబ్బ తగులుతున్నది.

కామారెడ్డిని గుర్తు చేసుకోండి. 2023 జనవరిలో చుట్టుపక్కల ఊళ్ల రైతులు మున్సిపాలిటీ మాస్టర్ ప్లాన్ ముసాయిదా మీద తిరగబడ్డారు. తమ పంట భూములు మ్యాపులో పరిశ్రమల జోన్‌లో కనబడ్డాయి. కలెక్టరేట్‌ను ముట్టడించారు. ఒక రైతు ప్రాణం తీసుకున్నాడు. ఇది ముసాయిదా మాత్రమే, భూములు ఎక్కడికీ పోవని అధికారులు చెప్పారు. ఆ నెలలోనే ముసాయిదాను రద్దు చేయాలని కౌన్సిల్ తీర్మానం చేసింది. జగిత్యాలలో కూడా మాస్టర్ ప్లాన్ మీద అదే నెలలో రైతులు కొట్లాడారు.

అధికారులు చెప్పిన మాటలో సగం నిజం ఉన్నది. మాస్టర్ ప్లాన్‌లో రంగు మారినంత మాత్రాన పట్టా మారదు. పాసుబుక్కులో పేరు అట్లనే ఉంటది. చెప్పని సగం ఏమిటంటే, ఆ భూమిలో ఏం చేయవచ్చునో, ఏం చేయకూడదో మారుతది. ల్యాండ్ యూజ్ అంటే ఇదే. పరిశ్రమల జోన్‌లో పడ్డ ఎకరం రేపు ఇండ్ల ప్లాట్లకు పనికిరాదు. కన్జర్వేషన్ జోన్‌లో పడితే కట్టడాలకు అనుమతి దొరకడం గగనం. ప్లాన్‌లో గీసిన రోడ్డు గీత కింద పడితే, ఇల్లు కట్టుకోవడానికి అనుమతి అడిగిననాడు ఆ మేరకు జాగ వదలమంటారు. బిడ్డ పెండ్లికి ఎకరం అమ్ముదామంటే కొనేటోడు ముందుగా మ్యాపు చూస్తాడు. భూమి పోలేదు, భూమి విలువ పోయింది. రైతు గుండె పగిలేది అక్కడ.

ముసాయిదా అన్నది అధికారుల నోట్లో సముదాయించే మాట. చట్టంలో అది జనానికి ఇచ్చిన గడువు. ముసాయిదా ప్రకటించి అభ్యంతరాలు, సలహాలు పిలుస్తారు. ఆ గడువులోపల సర్వే నెంబర్ వేసి, రాతపూర్వకంగా అభ్యంతరం ఇచ్చి, రసీదు తీసుకుంటే అది ఫైలులో ఉంటది. తుది ప్లాన్‌కు సర్కారు ఆమోదం పడిన తర్వాత ఒక్క సర్వే నెంబర్‌కు ల్యాండ్ యూజ్ మార్పించుకోవాలన్నా ఫీజులు కట్టి హైదరాబాద్ దాకా తిరగాలి. ఆ తిరుగుడు ఎవరికి చేతనైతదో చెప్పనక్కరలేదు. పలుకుబడి ఉన్నోడికి జోన్ మారుతది, ఎవుసం చేసేటోడికి మారదు.

గ్రామసభ సంగతి ఇంకా అన్యాయం. గ్రామసభ అంటే సర్పంచు, వార్డు మెంబర్లు కూర్చునే మీటింగు కాదు. అది పంచాయతీ సమావేశం. రాజ్యాంగం ప్రకారం ఊరి ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి మనిషీ గ్రామసభ సభ్యుడే. కూలికి పోయే తల్లి, దుబాయి నుంచి సెలవు మీద వచ్చిన కొడుకు, డిగ్రీ చదివే బిడ్డ, అందరూ. 73వ సవరణ ద్వారా 1993లో ఇచ్చిన హక్కు ఇది. మరి మన ఊళ్లల్ల గ్రామసభ ఎట్ల నడుస్తున్నది? పది మంది కూర్చుంటారు, చాయ్ తాగుతారు, రిజిస్టర్ తర్వాత ఇంటింటికీ తిరుగుతది. చదవని తీర్మానం కింద సంతకాలు పడతాయి. ఆ రిజిస్టరే రేపు ‘ఊరు ఒప్పుకున్నది’ అనే సాక్ష్యం అయితది.

ఒప్పుకోవడం అనే మాటలో కూడా తేడాలున్నాయి. సంప్రదింపు వేరు, సమ్మతి వేరు. సంప్రదింపు అంటే మీ మాట వింటాం, చేసేది మాత్రం మేము నిర్ణయిస్తాం అని. సమ్మతి అంటే మీరు కాదంటే ఆగుతాం అని. షెడ్యూల్డ్ ప్రాంతాల కోసం 1996లో వచ్చిన పెసా చట్టం, భూసేకరణకు ముందు గ్రామసభను గానీ తగిన స్థాయి పంచాయతీలను గానీ సంప్రదించాలన్నది. 2013 భూసేకరణ చట్టం ఒక అడుగు ముందుకు వేసి, ఆ ప్రాంతాల్లో గ్రామసభ ముందస్తు సమ్మతి ఉండాలన్నది. మన్యంలో ఒక గూడెం నిలబడాలా, కదలాలా అన్నది ఈ రెండు మాటల నడుమ తేడా మీద ఆధారపడి ఉన్నది. ‘గ్రామసభ పెట్టినం’ అని చెప్పి పోయే అధికారిని, అది సంప్రదింపా సమ్మతా అని అడిగే మనిషి ఒక్కరన్నా ఊరికి కావాలి.

చెరువుల మాటకొస్తే మనం పరాయి మాటలు నేర్చుకోవాల్సిన పనే లేదు. శిఖం అంటే మన తాతలకు తెలుసు. చెరువు నిండితే నీళ్లు ఎక్కడిదాకా నిలుస్తాయో దాన్నే ఇప్పుడు ఎఫ్‌టీఎల్ అంటున్నారు. దాని చుట్టూ కట్టడాలు లేకుండా వదలాల్సిన జాగ బఫర్. పది హెక్టార్లు దాటిన చెరువుకు 30 మీటర్ల బఫర్ వదలాలని 2012 నాటి భవన నిర్మాణ నిబంధనలే చెప్పాయి. అయినా 2024లో హైడ్రా జేసీబీలు వచ్చేదాకా చాలా మందికి ఈ మాట చెవిన పడలేదు. శిఖంలో ప్లాట్లు గీసి అమ్మినోడికి బఫర్ తెలుసు. బ్యాంకు లోను తీసి కొన్న చిన్న ఉద్యోగికి తెలియదు. కూలింది ఎవరి ఇల్లు? లేఅవుట్ అని రాసి ఉన్న బ్రోచర్ చూసి కొన్నోళ్ల కథ కూడా ఇదే. 2020లో ఎల్‌ఆర్‌ఎస్ పెడితే సుమారు 25 లక్షల దరఖాస్తులు వచ్చాయి. అంటే అనుమతి ఉన్న లేఅవుట్‌కు, గీతలు గీసిన పొలానికి తేడా తెలియక, తెలిసీ గతిలేక కొన్నోళ్లు ఎందరో చూడండి.

ఇంకొక మాట ప్రత్యేకాధికారి. వినడానికి గొప్పగా ఉంటది. అర్థం మాత్రం ఊరికి ఎన్నికైన పాలకవర్గం లేదని. పంచాయతీ గడువు ముగియకముందే ఎన్నికలు పూర్తి కావాలని రాజ్యాంగం చెబుతున్నది. మన సొంత రాష్ట్రంలో 2024 ఫిబ్రవరి నుంచి 2025 డిసెంబర్ ఎన్నికల దాకా ఊళ్లు ప్రత్యేకాధికారుల చేతిలో ఉన్నాయి. ఎన్నికైన పాలకవర్గం లేని పంచాయతీకి ఆర్థిక సంఘం నిధులు ఆగుతాయి. ఊరి వీధి దీపం వెలగకపోవడానికి, ఆ పెద్ద మాటకు సంబంధం ఉన్నదని ఎంతమందికి చెప్పినం?

ఇది సీమాంధ్ర పాలకుల మీద నెట్టి చేతులు దులుపుకునే సంగతి కాదు. ఇప్పటి ఫైళ్లు రాస్తున్నది మనోళ్లే. 2011లో 42 రోజులు సకల జనుల సమ్మె చేసిన ఉద్యోగులే ఈరోజు మున్సిపాలిటీల్లో, మండల ఆఫీసుల్లో కుర్చీల్లో ఉన్నారు. ఆనాడు అర్థం కాని భాషలో మనకు అన్యాయం చేస్తున్నారని అన్నాం. మరి ఈనాడు మనం రాసే నోటీసు ఊరి రైతుకు అర్థమైతదా? ఒక మాస్టర్ ప్లాన్‌ను సర్వే నెంబర్ల వారీగా, తెలుగులో, ఊరి చావడి దగ్గర అంటించడానికి ఏ జీవో అడ్డం వస్తది? ఉద్యోగ మిత్రులను ఈ ఒక్కటి అడుగుతున్నాం.

విద్యార్థులకు కూడా ఒక పని ఉన్నది. ఆనాడు మేము ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద 14 ఎఫ్ గురించి గంటలు గంటలు వాదించుకున్నాం. సెలవులకు ఊరికి పోయి రచ్చబండ దగ్గర అదే మాట విడమరిచి చెప్పినం. అట్ల చెప్పినందుకే ఊరు కదిలింది. ఈసారి ఊరికి పోయినప్పుడు గ్రామసభ రిజిస్టర్ అడగండి. పోయిన తీర్మానం నలుగురికి చదివి వినిపించండి. పక్క మున్సిపాలిటీలో మాస్టర్ ప్లాన్ నడుస్తుంటే మీ నాయన సర్వే నెంబర్ ఏ రంగులో ఉన్నదో వెతకండి. గడువు ఎప్పటిదాకా ఉన్నదో కనుక్కోండి.

నీళ్లు, నిధులు, నియామకాలు అని కొట్లాడి రాష్ట్రం తెచ్చుకున్నాం. ఊరి నీళ్లు బఫర్‌లో, ఊరి నిధులు పంచాయతీ ఖాతాలో, ఊరి భూమి ల్యాండ్ యూజ్‌లో ఉన్నాయి. ఆ మాటలు ఊరికి తెలియనంత కాలం, ఊరి పేరు మీద సంతకం ఇంకొకడే పెడతాడు.