సత్యాన్వేషికి కొత్త ముఖం

వంగ సాహిత్యంలో అపరాధ పరిశోధకులకు కొరత లేదు. అయినప్పటికీ శరదిందు బందోపాధ్యాయ సృష్టించిన బ్యోమకేశ్ బక్షీకి అక్కడి పాఠకులు ఇచ్చిన స్థానం విశిష్టమైనది. వ్యోమకేశుడంటే శివుడు, వంగ భాషీయుల ఉచ్చారణలో వకారం బకారమై ఆ పేరు బ్యోమకేశ్ అయింది. 1932లో ఈ కథల రచన ఆరంభమైంది. ఇందలి నాయకునికి తనను ‘డిటెక్టివ్’ అని పిలవడం రుచించదు. కలకత్తాలోని తన ఇంటి గుమ్మం వద్ద పలకపై ‘సత్యాన్వేషి’ అని చెక్కించుకున్నాడు. తెలుగువారికి సైతం వివరణ అక్కరలేని మాట అది.

2015లో దర్శకుడు దిబాకర్ బెనర్జీ ఈ పాత్రను హిందీ తెరపైకి తెచ్చినప్పుడు చిత్రానికి ‘డిటెక్టివ్ బ్యోమకేశ్ బక్షీ’ అని పేరు పెట్టారు. ఏ మాటను ఆ పాత్ర తిరస్కరించిందో ఆ మాటే మకుటమైంది! ఇది స్వల్ప విషయమని కొందరు భావించవచ్చు. కానీ పాత పాత్రను కొత్త నటునితో కొత్త తరానికి పరిచయం చేసేటప్పుడు దేనిని మార్చవచ్చు, దేనిని మార్చరాదు అన్న ప్రశ్న ఆ మకుటం దగ్గరే ఆరంభమవుతుంది.

ప్రేక్షకుల అభ్యంతరం సాధారణంగా నటుని ముఖాన్ని గురించే ఉంటుంది. 1993లో బాసు ఛటర్జీ దూరదర్శన్ కోసం ఈ కథలను ధారావాహికగా రూపొందించారు. ధోవతి కట్టుకుని, మితంగా మాట్లాడుతూ, ఎదుటివారి మాటను చివరిదాకా వినే రజిత్ కపూర్‌ను చూసిన తరానికి మరొక బ్యోమకేశ్ ఊహకైనా అందలేదు. తెలుగు ఇళ్లలోనూ ఆ ధారావాహిక ద్వారానే ఆ పేరు వినబడింది. 2020లో కరోనా కారణంగా జనమంతా ఇళ్లకే పరిమితమైన రోజులలో దూరదర్శన్ దానిని పునఃప్రసారం చేసింది. అటువంటి అభిమానుల ఎదుట సుశాంత్ సింగ్ రాజ్‌పుత్ నిలబడినప్పుడు, ఇతడు మరీ కుర్రవాడన్న మాట వినిపించడంలో ఆశ్చర్యం లేదు. అయితే మూలం ఏమంటున్నది? ‘సత్యాన్వేషి’ కథలో తొలిసారి ప్రవేశించేనాటికి బ్యోమకేశ్ వయస్సు ఇరవై మూడో, ఇరవై నాలుగో. రజిత్ కపూర్ ఆ పాత్ర ధరించేనాటికి ముప్ఫై దాటారు. వయస్సే కొలమానమైతే సుశాంత్ వైపే మొగ్గు చూపాలి. మనం మూలమని నమ్మేది తరచుగా మూలం కాదు, మనం మొదట చూసిన రూపం.

ఆ మాటకు వస్తే రజిత్ కపూర్ కూడా మొదటివాడు కాదు. 1967లోనే సత్యజిత్ రాయ్ ‘చిడియాఖానా’ చిత్రంలో వంగదేశపు మహానటుడు ఉత్తమ్ కుమార్‌ను బ్యోమకేశ్‌గా చూపారు. ఇక 2015 సంవత్సరం మరీ విచిత్రమైనది. హిందీలో సుశాంత్, బెంగాలీలో జీషు సేన్‌గుప్తా, అబీర్ ఛటర్జీ, ధృతిమాన్ ఛటర్జీ, ఇలా ఒక్క ఏడాదిలో నలుగురు బ్యోమకేశ్‌లు తెరపై కనిపించారు. నలుగురి ముఖాలూ వేరు, వయస్సులూ వేరు. పాత్ర మాత్రం చెక్కుచెదరలేదు. కాబట్టి ముఖం ఎవరి సొత్తూ కాదు.

కాలాన్ని మార్చడం కూడా అపరాధమేమీ కాదు. 2010లో బి.బి.సి. వారు షెర్లాక్ హోమ్స్‌ను నేటి లండన్‌కు తీసుకువచ్చారు. కానన్ డాయిల్ 1887లో ప్రచురించిన తొలి నవలలో వాట్సన్ ఆఫ్ఘనిస్థాన్ యుద్ధంలో గాయపడి తిరిగివచ్చిన సైనిక వైద్యుడు. నూట ఇరవై ఏళ్లు గడిచినా బ్రిటిష్ సైన్యం మళ్లీ ఆఫ్ఘనిస్థాన్‌లోనే ఉండడంతో, కొత్త వాట్సన్ కథను మార్చవలసిన అవసరమే రాలేదు! చరిత్ర రచయితకు చేసిన ఈ సహాయం విషాదకరమైనదే. తంతి పోయి సెల్‌ఫోను వచ్చింది. అయినా చిన్న వస్తువు నుండి మనిషి జీవితాన్ని చదివే ఆ చూపు మారలేదు.

దిబాకర్ బెనర్జీ చిత్రం కాలాన్ని అంత దూరం జరపలేదు. జపాన్ విమానాలు బాంబులు వేస్తున్న రోజుల కలకత్తాను, అక్కడి ట్రాములను, మెస్సులను శ్రద్ధగా పునర్నిర్మించింది. నాయకుణ్ణి కండల వీరునిగా మార్చలేదు. ధోవతి విప్పించలేదు. మోసపోయే, తడబడే యువకునిగా చూపింది. ఇవన్నీ మెచ్చుకోదగినవే. లోపం మరొకచోట ఉంది. మూలకథలోని డాక్టర్ అనుకూల్ మెస్సు నడుపుతూ, హోమియో మందులు ఇస్తూ, చాటుమాటుగా కొకైన్ వ్యాపారం చేసే వ్యక్తి. పొరుగింటి పెద్దమనిషిలా కనిపించడమే అతనిలోని భయంకరత్వం. చిత్రంలో అతడు జపాన్ దండయాత్రతో ముడిపడిన మహా కుట్రదారుడయ్యాడు. ముగింపు రక్తసిక్తమైంది. ప్రతినాయకుణ్ణి అంతగా పెంచిన తరువాత సత్యాన్వేషణ వెనుకబడి, ప్రాణాలతో బయటపడడమే కథ అవుతుంది.

బ్యోమకేశ్ కథలలో సత్యం తెలియడంతో పని పూర్తికాదు. తెలిసిన సత్యాన్ని ఏమి చేయాలన్న ధర్మసంకటం అప్పుడే మొదలవుతుంది. ‘ఆదిమ రిపు’ కథ కలకత్తా మతకల్లోలాల నాటి నుండి స్వాతంత్ర్యం వచ్చే దినం వరకు నడుస్తుంది. హంతకుడెవరో తెలిసిన పిదప బ్యోమకేశ్ అతణ్ణి పోలీసులకు అప్పగించకుండా విడిచిపెడతాడు. పాఠకుడు అంగీకరించవచ్చు, అంగీకరించకపోవచ్చు. కానీ ఆ నిర్ణయం తీసుకునే మనిషి లేనినాడు, ఎంత గొప్ప నటుడు ధోవతి కట్టినా అతడు బ్యోమకేశ్ కాడు. పోలీసు ఉద్యోగికి గాని, వేతనం తీసుకునే డిటెక్టివుకు గాని లేని స్వేచ్ఛ అది. ‘సత్యాన్వేషి’ అన్న పలకకు అర్థం కూడా అదే.

మార్పును నిందించేవారు శరదిందు బాబు స్వయంగా చేసినదానిని గమనించాలి. 1936 తరువాత ఆయన ఈ కథలను ఆపివేసి, బొంబాయి చిత్రసీమలో రచయితగా పనిచేశారు. సుమారు పదిహేనేళ్లకు, 1951లో మళ్లీ కలం పట్టారు. అప్పటికి దేశం మారింది, కలకత్తా మారింది. బ్యోమకేశ్ ముందే సత్యవతిని పెళ్లాడాడు. ఇప్పుడు తండ్రి కూడా అయ్యాడు, వయస్సు పైబడింది, చివరకు సొంత ఇల్లు కట్టుకునే ప్రయత్నంలోనూ పడ్డాడు. అంతవరకు కథలు చెబుతూ వచ్చిన మిత్రుడు అజిత్‌ను పుస్తక వ్యాపారంలో పెట్టి, చివరి కథలను రచయిత తానే చెప్పారు. నిరంతర సహచరుణ్ణి సైతం పక్కన పెట్టగలిగిన ఆయన, ఆ ధర్మసంకటాన్ని మాత్రం విడువలేదు.

తెలుగులో కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్‌ను ఒక తరం ఆబగా చదివింది. ఆ పాత్రను నేటి తెరకు తేదలచినవారికి ఏ కథానాయకుని తేదీలు దొరుకుతాయన్న విచారమే ముందు కలుగుతుంది. అంతకు ముందు ఆ నవలలను మళ్లీ ఒకసారి తెరచి, యుగంధర్ ఎదుటివారి మాట ఎలా వింటాడో, తెలిసిన నిజంతో ఏమి చేస్తాడో చూడడం మేలు. తేదీల సంగతి తరువాత అడగవచ్చు.