వైఫై రాకుంటే మదర్‌బోర్డు పోయినట్టేనా?

అన్నలారా, మా బిడ్డ ల్యాప్‌టాప్‌ల వైఫై రూటర్ పక్కన కూసుంటే వస్తది, అవతలి అర్రలకు పోతే బంద్. కాజీపేటల ఒక షాపుకు తీస్కపోయినం. స్క్రూ కూడ విప్పకుండ "మదర్‌బోర్డు పోయింది, తొమ్మిది వేలు" అన్నడు. మోటరు తిరగకపోతే ముందుగాల ఫ్యూజు, స్టార్టరు చూస్తం గని, కొత్త బోరు ఎయ్యమంటమా?

ఇంటికొచ్చి ఫోన్‌ను యూఎస్‌బీ వైరుతోని పెడితే నెట్ మంచిగ నడిచింది. డివైస్ మేనేజర్‌ల వైఫై కార్డు పేరూ కనబడ్డది. అంటే కార్డు బతికే ఉంది, సిగ్నలే అందుతలేదు. బ్యాటరీ కనెక్టర్ తీసి చూస్తే, కార్డుకు ఉండే రెండు యాంటెన్నా వైర్లల్ల ఒకటి ఊడి ఉంది. ఒత్తితే టక్కున కూసుంది. ఖర్చు సున్న.

కార్డే పోయినా, బోర్డుకు అతికించిన మోడల్ కాకుంటే అదొక్కటే మార్చొచ్చు. లేకుంటే యూఎస్‌బీ డాంగిల్ ఉండనే ఉంది.

2022 డిసెంబర్‌ల కేంద్రం రైట్ టు రిపేర్ పోర్టల్ తెరిచింది. అండ్ల వ్యవసాయ పరికరాలూ ఉన్నయి, ఎలక్ట్రానిక్స్ కూడ ఉన్నయి. షాపాయన మూతే విప్పకపోతే ఆ హక్కు ఏం జేసుకోవాలె? మెకానిక్ కష్టం నాకెరుకే. విప్పి చూసినందుకు రెండొందలు అడగండి, ఇస్తం. పోయిన పార్టు మా చేతిల పెట్టకుండ వేలు మాత్రం అడగకండి.