అప్పగింతలు



పెండ్లియింట అప్పగింతల వేళ కంట తడిపెట్టని తల్లి యుండదు. ఐనను ఏడ్చుచునే కూతును అత్తవారి చేతిలో పెట్టును. నా వృత్తిలో అట్టి అప్పగింతలు ప్రతినెలయు వచ్చుచుండును.

యజమానులు ఊరికి పోయినప్పుడు వారి కుక్కలను, పిల్లులను కనిపెట్టియుండుట నా పని. దీనినే నేడు పెట్ సిట్టింగ్ అనుచున్నారు. హైదరాబాదువంటి నగరములలో, కూతుండ్ర పురుళ్లకని అమెరికా పోవు తలిదండ్రులును, సెలవులకు స్వగ్రామములకు వెళ్లు దంపతులును మావంటివారిని పిలుచుచుందురు. నాలుగు రూపాయలు సంపాదింపగోరు గృహిణులకు ఇది గౌరవమైన పనియే. తిండి, నీరు, నడక, మందు, ఇవన్నియు నేర్చుకొనవచ్చును. కష్టమైనది ఒక్కటే: తిరిగి యిచ్చివేయుట.

మొదటి యేట నేను చేసిన తప్పు చెప్పెదను. ఒక యింటివారు మూడు వారములకై తమ లాబ్రడార్ కుక్కను మాయింట విడిచిపోయిరి. రాత్రులు వసారాలో దాని పరుపుమీదనే పండుకొనబెట్టవలెననియు, దాని గిన్నెలోనే తిండి పెట్టవలెననియు వ్రాసియిచ్చిరి. మొదటి రెండు రాత్రులు అది వాకిలివంక చూచుచు మూలుగుచుండగా నా మనసు నిలువలేదు. మంచము ప్రక్కకు పిలుచుకొంటిని. చేతితో ముద్దలు పెట్టితిని. వారము తిరుగునప్పటికి అది నా కొంగు విడువదాయెను. నాకెంత గర్వమో!

యజమానులు వచ్చిన దినమున వారి యెనిమిదేండ్ల పిల్లవాడు చేతులు చాచి పరుగెత్తివచ్చెను. కుక్క వానిని చూచి తోక యాడించి, మరల వచ్చి నా కాళ్లచెంత కూర్చుండెను. ఆ బాలుని ముఖము వాడిపోయినది. అంతటితో పోలేదు. ఇంటికి చేరిన పిదప అది రెండు దినములు గిన్నె ముట్టలేదనియు, రాత్రులు తలుపు గీరెననియు ఆ తల్లి ఫోనులో చెప్పినది. నన్ను ఒక్క మాటయు అనలేదు. అనియుండిన బాగుండెడిదనిపించినది. నా యొంటరితనమునకు ఆ మూగజీవిని తోడు చేసికొని, దానికే ప్రేమయని పేరు పెట్టుకొంటిని.

మమకారము కలుగుట తప్పు కాదు; అది శరీరధర్మము. కుక్కయు యజమానియు చాలసేపు ఒకరి కన్నులలోనికొకరు చూచుకొన్నప్పుడు ఇద్దఱి శరీరములందును ఆక్సిటోసిన్ హెచ్చుచున్నదని 2015లో జపాను శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. తల్లిబిడ్డల అనుబంధమునకు తోడ్పడునదియు ఈ ఆక్సిటోసినే.

భాగవతము పంచమస్కంధమందలి భరతుని కథ మనము విన్నదే. రాజ్యమును తృణప్రాయముగా విడిచిన ఆ రాజర్షి, యేటిలో కొట్టుకొనిపోవు తల్లిలేని లేడిపిల్లను కాపాడి, దానిపై మమతచే తన నియమములన్నియు మఱచి, దానినే తలంచుచు మరణించి, మఱుజన్మమున లేడియై పుట్టెను. మమత కూడదనుటకు పెద్దలు ఈ కథ చెప్పుదురు. నాకు తోచునది వేఱు. లేడిపిల్లను ఏటినుండి తీయుట దోషము కాదు. తన పని మఱచుటయే దోషము. నా పని, ఆ జీవిని దాని యింటివారికై కాపాడియుంచుట.

అందుచే ఇప్పుడు కొన్ని పద్ధతులు పాటించుచున్నాను. యజమాని వ్రాసియిచ్చిన దినచర్యను మార్చను. ఇంటివారు కట్టి విడిచిన పాతబట్టనొకదానిని ఉతుకకుండ తెప్పించి పడకలో వేయుదును. ఆ వాసన దానికి ధైర్యము. పిల్లికి చోటు మారుట మిక్కిలి కష్టము గనుక నేనే దాని యింటికి పోదును. ముద్దు చేయుచు క్రొత్త తినుబండారములు పెట్టను. తిండి హఠాత్తుగా మారినచో కడుపు చెడును; ఉల్లిపాయ, చాకొలెట్టు, ద్రాక్ష కుక్కలకు విషతుల్యములు. అది తిన్నదియు, తిరిగినదియు, చేసిన అల్లరియు దినదినము ఒక పుస్తకములో వ్రాసి, కడపట ఇంటివారి కిత్తును. నా మమకారము ఆ పుస్తకముతో వారింటికే పోవును. వారు వచ్చు వేళకు నేను వెనుకకు తొలగి నిలుచుందును. ఆ సాయంకాలమే గిన్నె కడిగి, పరుపు ఎత్తివేసి, మఱునాడు ఏ పనియు పెట్టుకొనను.

మరణమువలని యెడబాటు మాత్రము వేఱు. మూడేండ్లు నేను చూచిన ఒక ముసలిపిల్లి తన యింటనే కన్నుమూసినప్పుడు నాకు అన్నము దిగలేదు. “పరాయివాళ్ల పిల్లికేల యీ యేడ్పు?” అని మావారు ఆశ్చర్యపడిరి. ఇట్టి దుఃఖమునకు మైల లేదు, పరామర్శ లేదు. ఐనను అది దుఃఖమే. నేను ఆ యిల్లాలికే ఫోను చేసితిని. ఇద్దఱము గంటసేపు దాని చేష్టలే చెప్పుకొంటిమి. అప్పుడు గాని నా గుండె తేలికపడలేదు. మీకును అట్టిది జరిగినయెడల సిగ్గుపడక ఆ యింటివారితోనే చెప్పుకొనుడు.

మఱుసటి యేట ఆ లాబ్రడార్ మరల మాయింటికి వచ్చినది. ఇంకొకసారి నన్ను నమ్మినందులకు ఆ తల్లికి ఋణపడియున్నాను. ఈసారి అది వసారాలో తన పరుపుమీదనే నిదురించినది. వెళ్లు దినమున పిల్లవాని గొంతు వీథిలో వినబడగానే అది గేటు దూకినంత పనిచేసి వానిమీద పడినది. నావంక తిరిగియైనను చూడలేదు. నా కన్నులు చెమర్చినవి. అప్పగింత సరిగా జరిగినదని మాత్రము తెలిసికొంటిని.